బోధను దారిలో దగ్గిన కారు

పిల్లలూ! నిజామాబాదు నుంచి బోధనుకు పోయే రోడ్డు పెద్ద పొడుగేమీ కాదు. 25 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. బస్సెక్కితే గంటలోపల దిగవచ్చు. కాని కళ్ళు తెరుచుకుని పోయేవారికి ఆ కొంచెం దూరంలోనే భూగోళమూ, చరిత్రా, విజ్ఞానశాస్త్రమూ మూడూ కనిపిస్తాయి. ఈ నెల మిమ్మల్ని ఆ రోడ్డుమీద తీసుకుపోతాను. మనతోబాటు ఒక పాత చిన్న కారు కూడా వస్తుంది. దానికి ఒక జబ్బు ఉన్నది. ఆ జబ్బేమిటో కనిపెట్టడం మన పని.

నిజామాబాదు పాతపేరు ఇందూరు. ఊరిని ఆనుకుని ఉన్న గుట్టమీద పాత కోటా, అందులో రామాలయమూ ఉన్నాయి. ఊరు వదిలి పడమటగా పోతే కొంతసేపటికి జానకంపేట వస్తుంది. అక్కడ రైలుదారి రెండుగా చీలుతుంది. ఒకటి గోదావరి దాటి, బాసర మీదుగా మహారాష్ట్రలోకి పోతుంది. రెండవది బోధనుకు పోతుంది. జానకంపేట తరువాత ఎడపల్లి, ఆ తరువాత బోధను.

బోధను చాలా పాత ఊరు. పూర్వకాలంలో మన దేశంలో పదహారు మహాజనపదాలు ఉండేవని చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. వాటిలో దక్షిణాపథాన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని అయిన పోదన నగరమే నేటి బోధను అని చాలామంది చరిత్రకారులు చెబుతారు.

ఈ దారి పొడుగునా పచ్చని పొలాలు కనిపిస్తాయి. ఆ పచ్చదనం మంజీరానది పెట్టిన భిక్ష. మంజీర గోదావరికి ఉపనది. 1923 నుంచి 1931 వరకు దానిమీద నిజాంసాగరం కట్టారు. కట్టించినది ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్. ఆ పనికి పెద్ద ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువలు వచ్చిన తరువాత ఈ ప్రాంతమంతా చెరకు తోటలైంది. 1937లో బోధను పక్కన నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. దాని చుట్టూ లేచిన పేటకు శక్కర్ నగర్ అని పేరు. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర అని మీకు తెలుసు కదా! ఒకప్పుడు ఇది ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు పొందింది. గానుగ కాలం వస్తే చెరకు బండ్లు రోడ్డుకు ఒక పక్కన బారులు తీరి ఉండేవి. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అటు తరువాత చెరకు తగ్గి వరి పెరిగింది. అయితే పంట మారినా కాలువ మారలేదు, తడి మారలేదు. మార్గశిర పుష్యమాసాలలో తెల్లవారుజామున ఈ పొలాలమీద పొగమంచు దుప్పటి పరిచినట్టుగా ఉంటుంది. ఈ మంచును బాగా గుర్తుపెట్టుకోండి. మన కథలో దీనికి పెద్ద పాత్ర ఉన్నది.

ఇక కారు సంగతి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చిన తరువాత మన దేశంలో చిన్న కారు మధ్యతరగతి ఇండ్లకు చేరింది. 2014లో దాన్ని తయారుచేయడం ఆపివేశారు. ఆ కాలపు చిన్న కార్లు ఇప్పటికీ పల్లెటూళ్ళలో తిరుగుతూనే ఉన్నాయి. ఎడపల్లి అవతల ఒక పల్లెలో ఒక రైతు దగ్గర అటువంటిది ఒకటి ఉన్నది. మూడు సిలిండర్ల బండి. వయసు ముప్ఫయి ఏళ్ళకు దగ్గర. ఆ రైతు చిన్నప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. కిందటి శీతాకాలంలో ఒకనాడు నిజామాబాదులో మా ఇంటికి వచ్చి, కూర్చోకుండానే విషయం చెప్పాడు.

"సారూ, ఒక కాగితం రాసిపెట్టాలె. ఠాణాల ఇస్త."

"ఎవరిమీద నాయనా?"

"ఇంకెవరిమీద? మా చిన్నాయన కొడుకు, తమ్ముని మీద. నా బండి ట్యాంకిల చక్కెర పోస్తున్నడు."

"పోస్తుండగా నీవు చూచినావా?"

"చూడలె. కాని పొద్దున లేస్తే బండి దగ్గుతది, మిస్సింగ్ కొడతది. జానకంపేట దాటినంక మంచిగైతది. పగటీలి మిస్త్రీకి చూపిస్తే ఏం లేదంటడు. రాత్రి ఎవరో ఏదో చేస్తెనే గద సారూ!"

అన్నదమ్ములిద్దరివీ ఒకే వాకిట్లో ఎదురెదురు ఇండ్లు. రెండేళ్ళ కిందట కాలువ నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగింది. అప్పటినుంచి పలకరింపులు లేవు. రైతు తల్లికి మూత్రపిండాలు చెడి, వారానికి రెండుసార్లు తెల్లవారక ముందే నిజామాబాదు ఆస్పత్రికి పోయి డయాలిసిస్ చేయించుకోవలె. ఒకనాడు ఆ చలిలో, ఆ పెద్దామె బండిలో ఉండగానే, కారు ఎడపల్లి దగ్గర ఆగిపోయిందట. ఆ కోపంతోనే అతడు నా దగ్గరకు వచ్చాడు. అటువంటి కోపం పోలీసు ఠాణాదాకా పోతే రెండు ఇండ్ల మధ్య గోడ లేచినట్టే. ఎనిమిదో తరగతి చదువుతున్న అతని కూతురు అంతకుముందు సగం పూటలు కాకా ఇంట్లోనే తినేది. ఇప్పుడు ఆ గుమ్మంవైపు చూడటంలేదు.

"కాగితం తప్పకుండా రాస్తాను. కాని రాయడానికి నాకు వివరాలు కావలె. పదిరోజులు నీ కూతురు చేత ఒక పుస్తకంలో రాయించి పట్టుకురా," అని ఏమేమి రాయవలెనో చెప్పి పంపాను.

ఆ అమ్మాయి రాసింది చూసేముందు, ఇంజను ఎట్లా నడుస్తుందో రెండు ముక్కలు తెలుసుకుందాం.

పెట్రోలు ఇంజనుకు ముఖ్యంగా మూడు కావలె. మొదటిది, పెట్రోలూ గాలీ సరిపాళ్ళలో కలిసిన మిశ్రమం. రెండవది, ఆ మిశ్రమాన్ని సిలిండరులో గట్టిగా అదిమే ఒత్తిడి. మూడవది, సరిగ్గా సమయానికి ఒక నిప్పురవ్వ. ఈ మూడూ కుదిరితే మిశ్రమం భగ్గున మండి ముషలకాన్ని కిందికి నెడుతుంది. బండి కదులుతుంది. ఏ ఒక్కటి లోపించినా ఆ సిలిండరు ఊరికే ఉంటుంది, మిగతావి దాన్ని మోస్తాయి. ముగ్గురు మోయవలసిన మోకును ఇద్దరు మోసినట్టు బండి కుంటుతుంది. దీన్నే మన మిస్త్రీలు "మిస్సింగ్" అంటారు.

నిప్పురవ్వ పని ఎంత పెద్దదో లెక్క కట్టండి. ఇంజను నిమిషానికి 2,400 చుట్లు తిరుగుతున్నదనుకోండి. ఒక్కొక్క సిలిండరులో రెండు చుట్లకు ఒకసారి రవ్వ పడవలె. అంటే సిలిండరుకు నిమిషానికి 1,200. మూడింటికీ కలిపి 3,600. సెకనుకు 60! నిజామాబాదు నుంచి బోధనుకు 40 నిమిషాలు పడితే, దారిలో 1,44,000 రవ్వలు పడతాయి. ఒక్కటి తప్పినా మనకు తెలియదు. కాని మూడింట ఒకటి వరుసగా తప్పుతూ పోతే బండిలో కూర్చున్న ముసలమ్మకు కూడా తెలిసిపోతుంది.

ఈ రవ్వలను పంచే పెద్దమనిషి పేరు డిస్ట్రిబ్యూటర్. మిస్త్రీలు దాన్ని "డెల్కో" అంటారు. బాటరీలో ఉండేది 12 వోల్టులే. అంత తక్కువ ఒత్తిడితో ప్లగ్గు సందు దాటి రవ్వ దూకదు. అందుచేత కాయిల్ అనేది ఆ 12 వోల్టులను పదివేల వోల్టులకు పైగా పెంచుతుంది. ఆ కరెంటు డెల్కో మూత మధ్యలోకి వస్తుంది. లోపల రోటర్ అనే ముల్లు గిర్రున తిరుగుతూ, ఒకటవ సిలిండరుకు, తరువాతి దానికి, ఆ తరువాతి దానికి వంతు ప్రకారం కరెంటు అందిస్తుంది. మూత నల్లని గట్టి పదార్థంతో చేసి ఉంటుంది. అది విద్యుత్తును పోనివ్వని బంధకం.

సరే, పదిరోజులు అయినాయి. తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ వచ్చారు. ఆ అమ్మాయి రూళ్ళ పుస్తకంలో గళ్ళు గీసి రాసింది. తేదీ, రాత్రి బండి ఎక్కడ పెట్టారు, తెల్లవారి మంచు ఉన్నదా, గాలి ఉన్నదా, బండి దగ్గిందా, కాకా ఊళ్ళో ఉన్నాడా. నేను చెప్పని పని కూడా ఒకటి చేసింది. ప్రతి రాత్రీ పెట్రోలు మూతకు అడ్డంగా ఒక కాగితపు పట్టీ, బానెట్టుకు అడ్డంగా ఒక పట్టీ మైదాపిండితో అంటించి, వాటిమీద తన సంతకం చేసింది. ఎవరైనా తెరిస్తే పట్టీ చిరిగి తీరవలె.

పది పొద్దులలో ఆరు పొద్దులు బండి దగ్గింది. నాలుగు పొద్దులు దగ్గలేదు.

దగ్గని నాలుగింటిలో రెండు రాత్రులు బండిని ట్రాక్టరు పెట్టే రేకుల కొట్టంలో ఉంచారు. మిగతా రెండు రాత్రులు ఆరుబయటనే ఉన్నది. కాని ఆ రాత్రులు గాలి కొట్టింది, మంచు పడలేదు.

దగ్గిన ఆరింటిలోనూ బండి ఆరుబయట ఉన్నది, మంచూ ఉన్నది. ఆ ఆరింటిలో రెండు రాత్రులు కాకా ఊళ్ళోనే లేడు. చుట్టాల పెండ్లికి నాందేడు పోయినాడు. ఆరు పొద్దులలోనూ కాగితపు పట్టీలు చిరగలేదు.

తండ్రి పుస్తకాన్ని రెండుసార్లు తిరగేశాడు. "అయితే వాడు లేనప్పుడు ఇంకెవరన్నా..." అని ఆగిపోయాడు. చిరగని పట్టీ లోపలికి ఎవరు పోగలరు?

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మీరే చెప్పండి. బండి దగ్గిన రోజులన్నింటిలోనూ ఉన్నదేమిటి? దగ్గని రోజులలో లేనిదేమిటి? మంచు! మనుషుల పేర్లు గళ్ళలోనుంచి ఒకటొకటిగా జారిపోగా మిగిలింది అదే.

రేకుల కిందికి మంచు ఎందుకు రాలేదు? మంచు బిందువులు వానలాగా పైనుంచి పడేవి కావు. రాత్రిపూట ఆరుబయట ఉన్న వస్తువు తన వేడిని ఆకాశంలోకి వదిలి బాగా చల్లబడుతుంది. దాన్ని తాకిన గాలిలోని తేమ నీటిబొట్లుగా మారుతుంది. పైన కప్పు ఉంటే ఆ వేడి అంత తొందరగా పోదు. గాలి కొడుతూ ఉంటే కూడా వస్తువు అంతగా చల్లబడదు, తడి నిలవదు.

అయినా చక్కెర అనుమానం తీర్చకుండా వదలరాదు. మనసులో మిగిలిన అనుమానం మళ్ళీ మొలకెత్తుతుంది. అందుచేత ముగ్గురం నిజామాబాదులోనే ఒక ముసలి మిస్త్రీ దగ్గరకు పోయినాము. ఆయనను అందరూ చాచా అంటారు. ఆయన పిడికెడు మాటలు కూడా మాట్లాడడు. రెండు గాజుసీసాలు తెచ్చి, ఒకదానిలో కొంచెం నీళ్ళు, ఒకదానిలో కొంచెం పెట్రోలు పోశాడు. రెండింటిలోనూ ఒక్కొక్క చెంచా చక్కెర వేసి కుదిపాడు. నీళ్ళలో చక్కెర మాయమైంది. పెట్రోలులో ఇసుకలాగా అడుగున కూర్చున్నది.

"చూడు బిడ్డా, కరగదు," అన్నాడు చాచా. "ట్యాంకిల పోస్తే అడుగున ఉంటది. మస్తుగ పోస్తే జాలీకి అడ్డం పడతది. అడ్డం పడ్డంక పొద్దున దగ్గుడు, పగటీలి మంచిగుండుడు ఉండదు." తరువాత బండి పెట్రోలు గొట్టం ఊడదీసి, వడపోత జాలీ తీసి చూపించాడు. చక్కెర పలుకు ఒక్కటి లేదు. (పిల్లలూ, పెట్రోలుతో ఈ పని మీరు చేయకూడదు సుమా! దాని ఆవిరి చిన్న రవ్వకే అంటుకుంటుంది.)

చక్కెర కలవదు గాని, చక్కెర మిల్లులో పుట్టే మరొక వస్తువు పెట్రోలులో హాయిగా కలుస్తుంది. చెరకు రసంలోనుంచి చక్కెర తీసిన తరువాత నల్లని మడ్డి మిగులుతుంది. దాన్ని పులియబెట్టి ఆల్కహాలు తీస్తారు. దాన్నే ఇథనాల్ అంటున్నారు. పెట్రోలులో ఆల్కహాలు కలపడానికి మన దేశం 1948లోనే చట్టం చేసింది. 2023లో నూటికి 20 పాళ్ళు ఇథనాల్ కలిపిన పెట్రోలు బంకులలోకి వచ్చింది. 2025 నాటికి దేశమంతటా ఆ పాలు చేరుకున్నది. ధాన్యంనుంచి కూడా ఇథనాల్ తీస్తారు. దీనికి ఒక గుణం ఉన్నది. నీటితో సులువుగా కలుస్తుంది. అందుచేత పాత బండి ట్యాంకిలో నీరు చేరిందేమోనని చాచా ఆ సంగతీ చూశాడు. ట్యాంకి అడుగునుంచి తీసిన పెట్రోలును సీసాలో పోసి వెలుతురుకు పట్టాడు. అడుగున వేరే పొర లేదు. నీరు లేదు.

"పెట్రోలు మంచిగుంది. కొత్త ప్లగ్గులు, కొత్త వైర్లు ఇదివరకే ఏసినరు. ఇగ పొద్దున చూడాలె. రోగం ఉన్నప్పుడు చూస్తెనే తెలుస్తది," అన్నాడు చాచా. ఇంతవరకు బండిని అందరూ పగలే చూశారు. మంచు ఆరిన తరువాత దానికి జబ్బే లేదాయె!

ఆ సాయంత్రం నలుగురమూ ఆ కారులోనే బయలుదేరాము. ఎండ చల్లబడింది. కారు గడియారంలాగా నడిచింది. జానకంపేట దగ్గర రైలు గేటు వేసి ఉంటే ఆగి, బోధను వైపు చీలిన పట్టాలను ఆ అమ్మాయికి చూపించాను. ఎడపల్లి దాటిన తరువాత పంట కాలువలలో నీళ్ళు ఎర్రగా మెరిశాయి. అక్కడక్కడా మిగిలిన చెరకు తోటలు తెల్లని పూతతో తల ఊపుతున్నాయి. రాత్రి రైతు ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకున్నాము. కారును ఆరుబయటనే ఉంచాము. అమ్మాయి పట్టీలు అంటించింది.

నాలుగున్నరకు లేచాము. వాకిలంతా మంచు. ఎదురింటి గుమ్మం కూడా కనిపించలేదు. కారు పైకప్పునుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. పట్టీలు తడిసి మెత్తబడినాయి గాని, చిరగలేదు.

తాళం తిప్పగానే ఇంజను లేచింది. దడ్, దడ్, —. దడ్, దడ్, —. రెండు పలికి మూడవది మింగుతున్నది. చాచా ఇంజను ఆపించి, ఒకటవ ప్లగ్గు వైరు తీసి, మళ్ళీ నడిపించాడు. బండి ఇంకా ఎక్కువ కుంటింది. అంటే ఒకటవ సిలిండరు అంతదాకా పనిచేస్తున్నదన్న మాట. ఆ వైరు పెట్టి, రెండవది తీశాడు. ఏమీ తేడా లేదు! పనిచేయనివాడు సెలవు పెడితే ఎవరికి నష్టం? మూడవది తీస్తే మళ్ళీ కుంటింది. రోగి దొరికాడు. రెండవ సిలిండరు.

రెండవదాని ప్లగ్గు చెడ్డదేమో? చాచా ఒకటవ ప్లగ్గునూ రెండవ ప్లగ్గునూ ఒకదాని చోట ఒకటి మార్చాడు. రోగం ప్లగ్గుతోబాటు ఒకటవదానికి పోలేదు. రెండవదానిలోనే ఉన్నది. ప్లగ్గుకు నిర్దోషి అని తీర్పు వచ్చింది. గమనించారా, ఆయన ఒక్కొక్కసారి ఒక్క వస్తువునే మార్చాడు. రెండు ఒకేసారి మారిస్తే, బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు.

"ఇగ దీపాలన్నీ ఆర్పుండ్రి," అన్నాడు.

ఇంజను దడదడలకు ఎదురింటివాళ్ళు లేచారు. తమ్ముడు శాలువా కప్పుకుని, చేతిలో పెద్ద టార్చి పట్టుకుని మంచులోనుంచి వచ్చాడు. వాకిలి మధ్యకు వచ్చి నిలబడిపోయాడు. అన్న తల తిప్పుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"కాకా, లైటు ఆర్పు," అన్నది ఆ అమ్మాయి.

టార్చి ఆరిపోయింది. కటిక చీకటి. ఇంజను నడుస్తున్నది. చాచా మమ్మల్నందరినీ రెండడుగులు వెనక్కి నిలబెట్టాడు. ఆ వైర్లలో పోయే కరెంటు చేతిని విదిలించి కొడుతుంది. పైగా తిరిగే పంకా చీకటిలో కనిపించదు. మేము బానెట్టు కిందికి చూస్తూ నిలబడ్డాము.

ముందు ఏమీ కనిపించలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడిన తరువాత అమ్మాయి, "అదిగో!" అన్నది. డెల్కో మూతమీద, రెండవ వైరు మొదలు దగ్గర, సన్నని నీలిగీత ఒకటి మెరిసి మాయమవుతున్నది. మళ్ళీ మెరిసింది. పక్కనున్న ఇనుప పట్టీవైపు పాకుతున్నది. చెవి పెడితే చిట్ చిట్ మని చప్పుడు కూడా వినిపించింది.

చాచా ఇంజను ఆపి, మూతను పొడిగుడ్డతో లోపలా బయటా శుభ్రంగా తుడిచాడు. మళ్ళీ నడిపితే మూడు సిలిండర్లూ పలికాయి! అక్కడితో ఆయన ఆగలేదు. మంగలి దుకాణాలలో ఉండే నీళ్ళ తుంపర సీసా తీసి, మూతమీద ఒక్కసారి చల్లాడు. వెంటనే దగ్గు వచ్చింది. మళ్ళీ తుడిచాడు. పోయింది. ఇష్టం వచ్చినప్పుడు రోగాన్ని రప్పించి, ఇష్టం వచ్చినప్పుడు పోగొట్టగలిగితేనే కారణం దొరికినట్టు. అప్పుడు టార్చి వెలిగించి చూపించాడు. మూతకు వెంట్రుకంత బీట ఉన్నది. బీట పొడుగునా నల్లని మసిగీత.

ఇది ఎట్లా జరిగిందో ఆ రైతుకు నేను వేరే చెప్పనక్కరలేకపోయింది. అతడే అన్నాడు: "మన కాలువకు గండి పడ్డట్టే గద సారూ!"

సరిగ్గా అంతే. కాలువ గట్టు బాగుంటే నీరు చివరి మడిదాకా పోతుంది. నడుమ గండి పడితే నీరు సులువైన దారినే పడిపోతుంది. చివరి పొలం ఎండుతుంది. ప్లగ్గు సందు దాటడం కరెంటుకు కష్టమైన దారి. అదిమిన మిశ్రమంలో అది మరీ కష్టం. మూత పొడిగా ఉన్నంతసేపు గట్టు గట్టిగానే ఉంటుంది గనక ఆ కష్టమైన దారినే పోతుంది. మంచు కురిసి బీటలో తడి, దుమ్ము, మసి కలిసినప్పుడు గండి తెరుచుకుంటుంది. రెండవ సిలిండరుకు రవ్వ అందదు. జానకంపేట చేరేసరికి ఇంజను వేడికి తడి ఆరుతుంది, గండి మూసుకుపోతుంది. కాయిల్ చెడలేదు, ప్లగ్గు చెడలేదు, పెట్రోలు చెడలేదు. ముప్ఫయి ఏళ్ళు వేడికీ చలికీ ఓర్చి మూత ముసలిదైంది. అంతే. అంతకుముందు ఆ రైతు వేలకు వేలు ఖర్చుపెట్టాడు. కొత్త మూతకు కొన్ని వందలు చాలినాయి.

కాని ఆ పొద్దున కొత్త మూత లేదు. ఆ రోజు పెద్దామెను ఆస్పత్రికి తీసుకుపోవలసిన రోజు. చాచా మూతను మళ్ళీ ఒకసారి తుడుస్తుండగా తమ్ముడు మెల్లగా అన్నాడు: "అన్నా, పెద్దమ్మను నేను నా ఆటోల తోల్కపోదును. ఇన్ని దినాలు ఒక్కమాట అడగకపోతివి."

అన్న చాలాసేపు జవాబు చెప్పలేదు. తరువాత, "సలిగుంది. పరదాలు కట్టు," అన్నాడు. తమ్ముడు ఆటోకు పరదాలు కట్టాడు. అమ్మాయి లోపలికి పోయి నాయనమ్మ దుప్పటి తెచ్చింది. మంచులో ఆటో వెనక దీపం ఎర్రగా కొంతదూరం కనిపించి మాయమైంది.

నీళ్ళ వంతు తగాదా ఆనాటితో తీరలేదు. దాన్ని ఊరిపెద్దలు కూర్చుని తీర్చవలసి వచ్చింది. ఆ తగాదా నిజమైనదే; కాని అది వేరు, ఇది వేరు. ఠాణాకు ఇవ్వవలసిన కాగితం మాత్రం నన్నెవరూ మళ్ళీ అడగలేదు.

పిల్లలూ, మీరు ఆ దారిన పోయినప్పుడు జానకంపేట దగ్గర రైలుదారి చీలికనూ, కాలువలనూ, శక్కర్ నగర్‌నూ చూడండి. వీలైతే ఒకసారి పుష్యమాసంలో తెల్లవారక ముందే పొండి. పొలాలమీద ఆ మంచు ఎంత దట్టంగా పరుచుకుంటుందో చూస్తే, వెంట్రుకంత బీటలోకి అది ఎట్లా దూరిందో మీకే తెలుస్తుంది.

ఈ లోపల ఇంట్లో చేయడానికి ఒక చిన్న పని చెబుతాను. టార్చిలైటు వెలగలేదనుకోండి. సెల్లు, బల్బు, స్విచ్చి, లోపలి రేకు, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కారణం. బాగున్న మరొక టార్చి తెచ్చుకోండి. ఒక్కొక్కసారి ఒక్కదాన్ని మాత్రమే మార్చి చూడండి. ప్రతిసారీ ఏమి జరిగిందో కాగితంమీద గళ్ళు గీసి రాయండి. జబ్బు ఎక్కడున్నదో ఆ గళ్ళే చెబుతాయి. టార్చిని ఎవరు పాడుచేశారో తమ్ముణ్ణి అడగడం ఆ తరువాత చూసుకోవచ్చు.